ముగ్గుతో గీసిన హాలు

వకుళకి కావలసింది ఒక్క సంతకం.

డ్రాయింగు పూర్తయింది. అంచులు కత్తిరించి, బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు కడపరాతి ముక్కలు బరువు పెట్టింది. కింద పేర్లు రాసే గడిలో తన పేరు రాసుకుంది. దాని పైన గురువుగారి పేరు, ఆ పక్కన ఖాళీ. ఆ ఖాళీలో ఆయన సంతకం పడితే కాగితం హైదరాబాదు పోతుంది. పడకపోతే పోదు.

మొహిద్దీన్ సారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, బల్ల మీదికి వంగి, చాలాసేపు చూశారు. తర్వాత నిటారుగా నిలబడ్డారు.

"బాగుందమ్మా," అన్నారు.

వకుళ ముఖం పాలిపోయింది.

బాగుందంటే ముఖం పాలిపోవడమేమిటని మీరనుకోవచ్చు. ఆ ఆఫీసు సంగతి తెలిస్తే అనుకోరు. గౌస్ మొహిద్దీన్ గారు బొంబాయిలో ఆర్కిటెక్చరు చదివి, అక్కడే ఉండిపోకుండా కడపకి తిరిగొచ్చిన మనిషి. మా ఇంటి మేడ మీద రెండు గదుల్లో ఆఫీసు. ఆయన దగ్గర పని నేర్చుకోవాలని దూరం నుంచి కూడా పిల్లలు వచ్చేవాళ్ళు. నిలబడింది తక్కువమంది. నేను కాలేజీలో చరిత్ర చెప్పి అప్పుడే రిటైరయ్యాను. పొద్దుపోక, కాఫీ పేరు చెప్పి రోజూ మేడెక్కేవాణ్ణి. అందుకే ఇదంతా నా కళ్ళతో చూశాను.

ఆయనకి ఒక అలవాటుండేది. డ్రాయింగు నచ్చితే ప్రశ్నలడిగేవారు. ఈ కిటికీ లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? ఈ మెట్టు మీద ముసలామె కాలు ఎట్ల పెడుతుంది? వాన జల్లు ఎటునుంచి కొడుతుంది? ప్రశ్నలు మొదలయ్యాయంటే ఆ పని ఆయన మనసుకెక్కినట్టు. నచ్చకపోతే మాత్రం "బాగుంది" అని పక్కన పెట్టేసేవారు. ఇది తెలియని ఒక కాంట్రాక్టరు "సారు బాగుందన్నారు" అని బజారంతా మిఠాయి పంచాడు. అతను కట్టాలనుకున్న సినిమా హాలు ఇప్పటికీ లేవలేదు. ఈ సంగతి మా ఆవిడకి చెప్పిన దగ్గర్నుంచి, నేను చారు బాగుందంటే చాలు, ఆవిడ గరిటె పట్టుకుని అనుమానంగా చూసేది.

అసలు విషయానికొస్తాను.

ఊరికి దూరంగా, గుట్టల కింద ఎర్రనేలలో, కొత్త విశ్వవిద్యాలయం కట్టాలని తలపెట్టారు. ఎట్ల కట్టాలో నమూనాలు పంపమని పెద్ద పెద్ద ఆఫీసులన్నిటినీ అడిగారు. మా మేడ మీదికీ ఒక పిలుపు వచ్చింది. మొహిద్దీన్ సారు ఆ పని మొత్తం వకుళ చేతిలో పెట్టారు. రాజంపేట అమ్మాయి. ఆయన దగ్గర చేరినప్పటినుంచి బాత్‌రూములూ, మెట్లూ, ప్రహరీగోడలూ గీస్తూ ఉంది. మొదటిసారి తన పేరు పడే పని. దసరా సెలవులయ్యేలోపల కాగితాలు హైదరాబాదులో ఉండాలి.

ఆ డ్రాయింగు నేనూ చూశాను. మధ్యలో గుండ్రటి మహా హాలు. వెయ్యిమంది కూర్చోవచ్చు. దాని చుట్టూ బండిచక్రానికి ఆకుల్లాగా సైన్సూ, సాహిత్యమూ, న్యాయశాస్త్రమూ. ఎంత శుభ్రంగా ఉందంటే, అంత పెద్ద కాగితం మీద ఒక్క గీకుడు లేదు. ఆ రోజుల్లో ట్రేసింగు కాగితం మీద ఇంకుతో గీసేవాళ్ళు. గీత తప్పితే సగం విరిచిన బ్లేడుతో మెల్లగా గీకి తీసేయాలి. ఆఫీసులో పాత డ్రాఫ్ట్‌స్‌మన్ ఓబులేసు కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని, గీకుళ్ళు చూసి, గీసినవాళ్ళు ఎక్కడెక్కడ తడబడ్డారో చెప్పేసేవాడు. వకుళ గీసిన కాగితం పట్టుకుని చూసి "ఏం మా, తపసు చేసి గీసినావా?" అన్నాడట. ఆ మాట ఆమె నాకు రెండుసార్లు చెప్పుకుంది.

అట్లాంటి కాగితానికి "బాగుంది" పడింది.

"ఏం బాగలేదు సార్?" అంది వకుళ.

"బాగుందనే కదమ్మా అన్నాను."

"అందుకే అడుగుతున్నా."

ఆయన నవ్వారు. వకుళకి ఉక్రోషం వచ్చింది.

"సార్, ఇది రేపటి యూనివర్సిటీ. గొప్ప ప్రొఫెసర్లు ఊరికొకరు దొరకరు. దొరికిన ఒక్కాయన ఇక్కడ నిలబడి చెప్తే వెయ్యిమంది ఒకేసారి వింటారు. మైకులుంటాయి. టీవీ తెరలుంటాయి. ముందు ముందు అన్నిచోట్లా ఇట్లాంటివే కడతారు. మనం అందరికంటే ముందు కడుతున్నాం."

"వింటారు," అన్నారు సారు.

"వినరా?"

"వింటారు, వింటారు."

మధ్యలో నేను ఊరుకోలేక, "అద్భుతంగా ఉంది కదండీ, రోమన్లు కట్టినట్టుంది" అన్నాను. వకుళ నా వైపు కృతజ్ఞతగా చూసింది.

"లెక్చరర్ సాబ్‌కి గుండ్రంగా ఏముండినా అద్భుతమే," అన్నారు సారు. తర్వాత లోపలి గదివైపు తిరిగి, "ఓబులేసూ, ముగ్గుపిండి ఉందా?" అని కేకేశారు.

"రెండు మూటలుండాయి సార్!"

"రేపు పొద్దున జీపులో వేసుకో. తాడు, గూటాలు కూడా."

వకుళ బెదిరిపోయింది. "కాంపస్సు మొత్తం ముగ్గు పోయాలా సార్?"

"ఒక్క గది చాలు. నీకు అన్నిటికంటే ఇష్టమైంది."

"అయితే మహా హాలే."

"అదే పోద్దాం."

మా వైపు ఇల్లు కట్టేటప్పుడు పునాదులు తవ్వే ముందు నేల మీద ముగ్గు పోస్తారు. మీ వైపూ అంతే అనుకుంటాను. ప్లానులో ఉన్నది ఉన్నట్టు, అసలు కొలతలతో తెల్లటి గీతలు. కొబ్బరికాయ కొడతారు. ఇంటావిడ ఆ గీతల మధ్య నిలబడి, "ఇంతేనా వంటిల్లు?" అని మొహం వేలాడేస్తుంది. మా ఇంటికీ అదే జరిగింది. ముగ్గులో అన్ని గదులూ ఇరుగ్గానే కనబడతాయి, గోడలు లేచాక ఎట్లనో పెద్దవవుతాయి. ఎందుకని అడిగితే ఒక్కో ఇంజనీరు ఒక్కో కారణం చెప్తాడు. ఏదైనా, అది ప్లాను ఖాయమయ్యాక చేసే పని. మొహిద్దీన్ సారు సంతకానికి ముందే చేయించేవారు. "కాగితం మీద నడిస్తే కాళ్ళు నొయ్యవు" అనేవారు.

పొద్దున్నే బయలుదేరాం. ఓబులేసు జీపు నడుపుతున్నాడు. పక్క సీట్లో సారు మొహం మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోయారు. వెనక ముగ్గు మూటల మధ్య నేనూ, వకుళా. ఆమె మాట్లాడదు. నాకు మాట్లాడకపోతే తోచదు.

"ఎందుకమ్మా దిగులు? ఆయనకి తప్పకుండా నచ్చుతుంది, చూడు," అన్నాను.

"అది కాదు లెక్చరర్ సార్. ఈ హాలు నేను ఊరికే గొప్పకి పెట్టలేదు." పక్కనున్న ముగ్గు మూట మీద చెయ్యి ఆనించింది. "మా కాలేజీలో ఒక పెద్ద గ్యాలరీ ఉండేది. నాకు సీటు రెండో లిస్టులో వచ్చింది. నేను చేరేసరికి ముందు వరసలన్నీ నిండిపోయినాయి. చివర కూర్చున్నా. స్ట్రక్చర్సు మొదటి క్లాసులో మొదటి ముక్కే అర్థం కాలేదు. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. ఇంక ఏదీ అర్థం కాలేదు."

"అడగకపోయావా?"

"అందరూ గబగబా రాసుకుంటున్నారు సార్." నవ్వేసింది. "రెండుసార్లు తప్పినా ఆ సబ్జెక్టు. ఆఖరికి బట్టీపట్టి గట్టెక్కినా. అందుకే నా హాల్లో మెట్లు మెట్లుగా పెట్టినా, చూడండి. చివర కూర్చున్నవాళ్ళకి ఒక్క తల కూడా అడ్డం రాదు. బోర్డు మొత్తం కనబడుతుంది. మాట గంట కొట్టినట్టు వినబడుతుంది."

నేను మెచ్చుకున్నాను. నేను చదివిన కాలేజీ సంగతి చెప్పాను. మాకు గ్యాలరీ ఎక్కడిది? రేకుల షెడ్డు. వాన పడితే రేకుల మీద ఆ చప్పుడుకి పాఠం వినబడేది కాదు. మా ఇంగ్లీషు సారు ఒకాయన, వాన మొదలుకాగానే పుస్తకం మూసి, దిగి వచ్చి, మా బెంచీ మీద మమ్మల్ని జరగమని కూర్చునేవారు. ఏవో కబుర్లు చెప్పేవారు. ఇప్పటికీ నాకు వచ్చిన ఇంగ్లీషంతా వానాకాలంలో వచ్చిందే. మా కరువుసీమలో వానలు తక్కువ కాబట్టి నా ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే అంటే వకుళ పకపకా నవ్వింది.

ముందు సీట్లో తువ్వాలు కాస్త కదిలినట్టనిపించింది. గాలికేమో అనుకున్నాను.

మేము జీపు దిగినచోట ఏమీ లేదు. ఎర్రనేల, రేగుపొదలు, ఒక పక్క గుట్ట. వకుళ నడుము బిగించింది. మధ్యలో గూటం కొట్టి, తాడు కట్టి, ఓబులేసు ఒక కొస పట్టుకుని తిరుగుతుంటే తను వెనకే ముగ్గు పోసుకుంటూ పోయింది. ఒకవైపు వేదిక. దాని ఎదురుగా వంపు తిరిగిన వరసలు, ఒకదాని వెనక ఒకటి. ఎండ ఎక్కకముందే ఆ ఎర్రనేల మీద తెల్లటి మహా హాలు తయారైంది. చూస్తే ఆకాశం నుంచి ఎవరో దింపినట్టుంది. ఇది మాత్రం ఇరుగ్గా కనబడలేదు.

సారు జీపు దిగి నేరుగా నడిచి వస్తున్నారు.

"సార్! అది గోడ!" అని అరిచింది వకుళ.

ఆయన ఠక్కున ఆగారు. కాలి ముందున్న గీత చూసుకున్నారు. "తలుపు ఎక్కడమ్మా?"

"అటు పక్క సార్."

ఆ వయసులో, ఆ ఎండలో, మొత్తం చుట్టూ తిరిగి తలుపులోంచే లోపలికి వచ్చారు. అంతలో పక్క పొదల్లోంచి మేకలు నాలుగైదు వచ్చి, గోడలన్నీ దాటి, నడిమధ్య నిలబడ్డాయి.

"మా, వీటికి యా లిస్టులో సీటిచ్చినావు?" అన్నాడు ఓబులేసు.

వకుళ నవ్వుతూ వాటిని అదిలించింది.

సారు నన్ను నడిమి వరసలో ఒకచోట కూర్చోమన్నారు. నేను రుమాలు పరుచుకుని కూర్చున్నాను. ఆయన ఒక్కో వరస దాటుకుంటూ చివరిదాకా పోయి, గోడ గీతకి ఆనుకున్నట్టు చతికిలబడ్డారు. వకుళని వేదిక మీద నిలబడమన్నారు.

"పాఠం చెప్పమ్మా!" అని అక్కడినుంచి కేకేశారు.

"ఏం పాఠం సార్?"

"నీ యూనివర్సిటీ గురించే చెప్పు. మాకు తెలియదు కదా!"

వకుళ చెప్పింది. గొంతు మంచిది. మొదట కొంచెం బిగుసుకుంది గాని తర్వాత తన్నుకుని వచ్చేసింది. గాలి ఎటునుంచి వీస్తుందో, ఏ శాఖ పక్కన ఏ శాఖ ఎందుకుండాలో, ఇక్కడి రాయి ఎండని ఎట్ల ఆపుతుందో. చెయ్యి చాపి చూపిస్తుంటే ఆ ముగ్గు గీతల మీద గోడలు లేస్తున్నట్టే ఉంది. నాకు ప్రతి మాటా వినబడింది.

"వినబడుతోందా సార్?" అని చివర్న అడిగింది.

సారు చెయ్యెత్తి బాగా వినబడుతోందని ఊపారు. వకుళ నా వైపు చూసింది. గెలిచినట్టే అనుకున్నాం ఇద్దరమూ.

అప్పుడు ఆయన ఏదో అన్నారు.

పెదాలు కదలడం కనబడింది. అంతే. నాకూ వినబడలేదు.

"ఏంటి సార్?"

మళ్ళీ అన్నారు. గొంతు పెంచలేదు.

"గట్టిగా అడగండి సార్!"

ఆయన తల అడ్డంగా ఊపి, మూడోసారీ అట్లే అడిగారు.

"సార్ ఏందో అడుగుతాండాడు మా!" అని బయటినుంచి ఓబులేసు అరిచాడు.

"ఏమడుగుతున్నారు?"

"నాకూ ఇనపళ్యా!"

వకుళ వేదిక దిగింది. మొదటి వరస దాటి నిలబడి, చెవి ఒగ్గింది. సారు పెదాలు కదిలాయి. ఆమె తల ఊపి, ఇంకా ముందుకొచ్చింది. నన్ను దాటి పోయింది. ఆగింది. మళ్ళీ అడిగారు. మళ్ళీ నడిచింది. ఆగినప్పుడల్లా ఆమె భుజాలు కొంచెం వంగుతున్నాయి, పిల్లలు చీకట్లో మాట వినడానికి వంగినట్టు. నేనూ లేచి వెనకే పోయాను. ఇంత దూరం వచ్చాక అదేంటో వినకపోతే నాకు అన్నం సహించదు.

చివరికి ఆయన కూర్చున్నచోటికి నాలుగైదు బారల దూరంలో, వెనక బెంచీ పిల్లాడిలా ఆయన అడుగుతున్నది మా ఇద్దరికీ వినబడింది.

"సార్, ఆ మొదటిది ఇంకొక్కసారి చెప్తారా?"

వకుళ అక్కడే నిలబడిపోయింది. చేతులకి మోచేతులదాకా ముగ్గు. వెనక్కి తిరిగి వేదిక వైపు చూసింది. అంత దూరం. మళ్ళీ ఆయన వైపు చూసింది.

"ప్రతి వరసలో మైకులు పెట్టొచ్చు సార్," అంది. గొంతులో బలం లేదు.

"పెట్టొచ్చు. ఈ మాట మైకులో అడుగుతావా?"

ఆమె కాలి బొటనవేలితో మట్టి గీసింది.

"వెయ్యేళ్ళు కాకపోయినా వందేళ్ళ కోసం కడుతున్నాం కదా సార్. అప్పటికి ఇవన్నీ మారిపోతాయి."

"అప్పటికి పిల్లలకి అన్నీ మొదటిసారే అర్థమైపోతాయా అమ్మా?"

గాలి వీచింది. మేకలు మళ్ళీ లోపలికొచ్చాయి. ఈసారి వాటినెవరూ అదిలించలేదు.

సారు ఓబులేసుని పిలిచి, వకుళ నిలబడినచోట ఇంత ముగ్గు పోయమన్నారు. అతను ఆమె కాళ్ళ ముందు ఒక పిడికెడు పోశాడు. సారు మోకాళ్ళ మీద చేతులానించి లేచి, లుంగీకి అంటిన మట్టి దులుపుకున్నారు.

"పాఠం ఎంత దూరమైనా పోతుందమ్మా. ప్రశ్న పోదు."

అని, మళ్ళీ ఆ తలుపు దాకా చుట్టూ తిరిగి, అక్కడినుంచే బయటికి పోయారు.

వకుళ వెంటనే రాలేదు. మేము జీపెక్కి కూర్చున్నాం. ఆమె ఆ పిడికెడు ముగ్గు దగ్గర నిలబడే ఉంది. తర్వాత సారు కూర్చున్నచోటికి పోయి, అక్కడ కూర్చుంది. మోకాళ్ళ చుట్టూ చేతులేసుకుని వేదిక వైపు చూసింది. కాలేజీలో చేరిన మొదటిరోజు ఎట్ల కూర్చుందో అట్లే కూర్చుందనుకుంటాను. ఎవరూ పిలవలేదు. ఓబులేసు కూడా హారన్ కొట్టలేదు.

దారిలో హోటలు దగ్గర బోండాలు తిన్నాం. వకుళ తన ప్లేటు నా వైపు జరిపింది. ఆ బోండాలు చాలా బాగున్నాయి. ఇది సారు అనే బాగుంది కాదు, మామూలు బాగుందే.

ఆ తర్వాత మేడ మీదినుంచి ఒకటే చప్పుడు. గీరు, గీరు, గీరు. "పైన ఎలుకలు చేరినట్టున్నాయి, మందు పెట్టండి" అంది మా ఆవిడ. ఎలుకలు కావు, వకుళ బ్లేడు అని చెప్పాను. పైకి పోతే ఆ అమ్మాయి తలెత్తేది కాదు. బల్ల కింద చెత్తబుట్ట నిండా కాగితాలు. జడలో పెన్సిలు గుచ్చుకుని, ఇంకో పెన్సిలు కోసం బల్లంతా వెతికేది. ఒకరోజు మా వంటింటి గుమ్మంలో నిలబడి, లోపల పని చేసుకుంటున్న మా ఆవిడతో అతి మెల్లగా ఏదో అంది. "ఏంటమ్మా?" అని ఆవిడ బయటికొస్తే, "ఏం లేదు అత్తా, ఎంతదూరం వినబడుతుందో చూస్తున్నా" అని వెళ్ళిపోయింది. ఎండదెబ్బ తగిలిందేమోనని మా ఆవిడ మజ్జిగ పంపించింది.

దసరా దగ్గరపడింది. నాకు ఉండబట్టలేదు. సాయంత్రం కాఫీ దగ్గర సారుని అడిగాను.

"పాత కాగితం మీదే సంతకం పెట్టేయకూడదా? అదీ పంపేట్టుగానే ఉంది కదా. పిల్ల నలిగిపోతోంది."

"కరివేపాకు నలిగితేనే కదా సాబ్ వాసన," అన్నారు. కాని కప్పు కింద పెట్టేటప్పుడు ఆయన కళ్ళు లోపలి గదివైపే ఉన్నాయి. ఆయనకీ దిగులుగానే ఉందని అప్పుడు తెలిసింది.

ఆ యూనివర్సిటీ చివరికి ఎవరు కట్టారని అడుగుతారు చాలామంది. వకుళే కట్టింది. పోటీలో వచ్చినవాటన్నిట్లోకీ ఇది చిన్నగా ఉందని కమిటీలో ఒకాయన గొణిగాడట. అయినా ఎంచుకున్నారు. ఒకేసారి కట్టలేదు, కొంచెం కొంచెంగా లేచింది. ఇంకా లేస్తూనే ఉంది. నేనొకసారి పోయాను. గంట కొట్టారు, క్లాసు అయిపోయింది, తలుపులు తెరుచుకున్నాయి. కాని పిల్లలు పరుగెత్తి వెళ్ళిపోవడం లేదు. ఇదంతా తర్వాతి సంగతి. నాకు నిన్న జరిగినట్టు గుర్తున్నది మాత్రం, కాగితం పంపడానికి ఇంక ఆ ఒక్క రోజే మిగిలిన పొద్దు.

నేను కాఫీ గ్లాసులు పట్టుకుని మేడెక్కేసరికి కొత్త కాగితం బల్ల మీద పరిచి ఉంది. మూలల్లో అవే రాళ్ళు. సారు వంగి చూస్తున్నారు. వకుళ కాస్త దూరంలో ఎత్తుపీట మీద కూర్చుని ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

మహా హాలు మధ్యలోంచి లేచిపోయి ఒక అంచుకి చేరింది. పట్టాలిచ్చే రోజుకీ, పాటకచేరీలకీ అని దాని మీద రాసింది. మధ్యంతా చిన్న చిన్న గదులు, గదుల మధ్య నీడపడే ముంగిళ్ళు. ఏ గదిలోనూ చివరి వరస చాలా దూరం లేదు. ఇంకొకటి ఉంది. అది సారు చెప్పింది కాదు. ప్రతి గది తలుపు బయటా గోడలో కలిపి ఒక చిన్న తిన్నె. మీరు అరుగంటారే, అదే. ఇద్దరికి సరిపోయేంత.

కాగితం నిండా గీకుళ్ళు. గీకి గీకి కొన్నిచోట్ల ఉల్లిపొరలాగా పలచబడింది. ఓబులేసు దాన్ని వెలుతురుకి పట్టుకుని చూస్తే చిల్లుపడుతుందేమోనని భయమేసింది. సారు ఆ పలచబడిన చోట్ల మీద వేలు మెల్లగా పోనిచ్చారు, పసిపిల్ల తల నిమిరినట్టు.

వకుళ ఆయన పెదాలనే చూస్తోంది. ఏం పడబోతోందో అని. నేనూ చూస్తున్నాను. చేతుల్లో గ్లాసులు కాలుతున్నాయి.

ఆయన వేలు ఒక తిన్నె దగ్గర ఆగింది.

"ఇవెందుకు?"

"పాఠం అయిపోయినాక అడిగేవాళ్ళుంటారు సార్. అందరూ పోయినాక."

ఆయన తలూపారు.

"మధ్యాహ్నం పూట దీని మీద ఎండ పడదా?"

వకుళ పీట మీదినుంచే ముందుకు వంగింది. "పడదు సార్," అంది. "చూరు ముందుకు దించినా. ఇదిగో."

సారు కళ్ళజోడు నుదుటి మీదినుంచి కిందికి దించుకున్నారు. జేబులోంచి కలం తీసి, మూత విప్పి, చేతిలో పట్టుకున్నారు. అప్పుడు కాగితం మీదినుంచి తల ఎత్తకుండా, ఆ రోజు గుట్ట కింద అడిగిన గొంతుతో, ఇంకేదో అడిగారు. గుమ్మంలో ఉన్న నాకు వినబడలేదు.

గట్టిగా అడగమని వకుళ అనలేదు. పీట దగ్గరికి జరుపుకుంది.